జబ్బుకు ముందే చేరే సాయం: బస్తీల్లో ఆరోగ్య అంతరాలు తగ్గాలంటే

మన ధార్మిక సంస్థలకు వచ్చే సహాయ దరఖాస్తుల్లో వైద్యం కోసం వచ్చేవి ఏటా తప్పకుండా ఉంటాయి. ఒకరికి గుండె ఆపరేషన్‌కు డబ్బు తక్కువపడుతుంది. ఇంకొకరికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లిరావడం భారమవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో ఉంచినందుకు వచ్చిన బిల్లు చేతపట్టుకుని ఒక తండ్రి నిలబడతాడు. ఇలాంటి వాటికి దాతలు వెంటనే చెయ్యి అందిస్తారు. కళ్లముందు మనిషి కష్టంలో ఉంటే మనసున్నవాళ్లు చేసే పని అదే. అది ఆగకూడదు.

అయితే అవే దరఖాస్తులను వెనక్కి చదువుకుంటూ పోతే మరో సంగతి తెలుస్తుంది. కిడ్నీలు పాడైన మనిషికి బీపీ, షుగర్ ఎన్నో ఏళ్ల కిందటే మొదలై ఉండవచ్చు. వాటిని ఎవరూ పరీక్షించి ఉండరు. నెలలు నిండకుండా కాన్పు అయిన తల్లికి మొదటినుంచీ రక్తం తక్కువై ఉండవచ్చు. ఐరన్ మాత్రలు చేతికి ఇచ్చినా, వాటితో కడుపులో వికారంగా ఉంటే ఏం చేయాలో చెప్పినవాళ్లు ఉండరు. అంటే ఆసుపత్రిలో చేతికొచ్చిన బిల్లుకు పునాది చాలా ముందే, గల్లీలోనే పడింది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. బిల్లు దగ్గర ఇచ్చే రూపాయితో పాటు, ఆ బిల్లు పుట్టకముందే గల్లీలో ఖర్చయ్యే రూపాయి కూడా మన బడ్జెట్లో ఉండాలి. అది ఎలా పనిచేస్తుందో మన దేశంలోనే జరిగిన మూడు అనుభవాలు చూపిస్తాయి.

అంతరం ఎక్కడ పుడుతుంది?

ఆరోగ్యంలో కనిపించే ప్రతి తేడా అన్యాయం కాదు. పెద్ద వయసులో చూపు మందగించడం సహజం. కానీ తగ్గించడానికి వీలున్న తేడా తగ్గకుండా తరతరాలుగా కొన్ని వర్గాలనే పట్టుకుని ఉంటే, దాన్ని ఆరోగ్య అసమానత అంటారు. 2020 నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 28 మంది ఏడాది నిండకముందే చనిపోయారు. ఇదే సంఖ్య పట్టణాల్లో 19, గ్రామాల్లో 31. కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43. ఏ ఊళ్లో పుట్టామన్నదే బిడ్డ బతుకుని ఇంతగా శాసిస్తోంది.

మన తెలుగు రాష్ట్రాల సంగతి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతంగా తేలింది. పది మంది ఆడవాళ్లు కూర్చున్నచోట ఆరుగురికి రక్తం తక్కువన్నమాట. ఇక ముస్లింల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిగతులపై 2006లో వచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక మరో లోటును ఎత్తిచూపింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాల్లో దాదాపు 40 శాతం గ్రామాలకు వైద్య సదుపాయమే లేదని అది పేర్కొంది.

అలాగని ఆసుపత్రి కట్టేస్తే తేడా పోతుందా? బ్రిటన్ అనుభవం పోదనే చెబుతుంది. అక్కడ 1948 నుంచి ప్రభుత్వ వైద్యసేవ అందరికీ అందుబాటులో ఉంది. అయినా 1967లో లండన్ ప్రభుత్వోద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, అట్టడుగు హోదాలో ఉన్న మగ ఉద్యోగుల మరణాల రేటు అందరికంటే పైహోదాలో ఉన్నవారి రేటుకు దాదాపు మూడు రెట్లు ఉంది. వాళ్లెవరూ కటిక పేదలు కారు, అందరివీ నెల జీతాలే. ఈ అధ్యయనాన్ని ముందుకు నడిపిన మైకేల్ మార్మట్, మనిషి ఆరోగ్యం మందుల సీసాలో మాత్రమే లేదనీ, అతని పని, ఇల్లు, ఆదాయం, తన బతుకు మీద తనకున్న పట్టు కూడా దాన్ని నిర్ణయిస్తాయనీ ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచానికి చెబుతూ వచ్చారు.

ఈ మాటను మన బస్తీకి అన్వయించుకోవడం కష్టమేమీ కాదు. కిటికీ లేని ఒకే గదిలో ఆరుగురు పడుకుంటే, ఒకరి దగ్గు ఇంటిల్లిపాదికీ అంటుతుంది. మురుగు కాల్వ పక్కనుంచి వచ్చే నల్లా పైపు పగిలితే వీధి వీధంతా విరేచనాలు. రోజుకూలీకి దవాఖానాకు వెళ్లడమంటే ఆ పూట కూలి పోగొట్టుకోవడమే. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటున్న తల్లికి పప్పు, గుడ్డు చివరికి మిగలవు. వీటిలో ఏ ఒక్కటీ డాక్టరు చీటీతో తీరేది కాదు.

అందుకే 1978లో అల్మా అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణలో ప్రజల భాగస్వామ్యం ఉండాలని ప్రకటించింది. 1986లో ఒట్టావాలో వెలువడిన పత్రం దీనికి ‘ఆరోగ్య ప్రోత్సాహం’ అనే పేరుతో రూపం ఇచ్చింది. ఆరోగ్యాన్ని కాపాడే ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, సమాజం పూనిక, వ్యక్తుల నైపుణ్యాలు, నివారణ వైపు మళ్లిన వైద్యసేవలు అన్న ఐదు పనులు అందులో ఉన్నాయి. ‘చేతులు కడుక్కోండి’ అని గోడమీద రాయడం వీటిలో ఒకదాంట్లో చిన్న ముక్క మాత్రమే. కడుక్కోవడానికి నీళ్లు వచ్చేలా చూడడం కూడా ఆరోగ్య ప్రోత్సాహమే.

నమ్మకం లేనిచోట మందు పనిచేయదు: పోలియో పాఠం

2002లో మన దేశంలో 1,600 పోలియో కేసులు నమోదైతే, అందులో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. పోలియో పడిన పిల్లల్లో ముస్లిం పిల్లలు జనాభా నిష్పత్తికి మించి ఉన్నారు. చుక్కలు ఉచితం, ఇంటికే తెచ్చి వేస్తారు. అయినా తలుపులు మూసుకున్నాయి. చుక్కల వల్ల పిల్లలు పుట్టరన్న పుకారు ఒక కారణం. దానికన్నా లోతైనది మరొకటి ఉంది. గల్లీలో మురుగు పారుతోందంటే రాని ప్రభుత్వం, జ్వరంతో పడి ఉన్నా పలకరించని ప్రభుత్వం, చుక్కలు వేయడానికి మాత్రం మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందన్న అనుమానం.

ఆ అనుమానాన్ని పోలీసులో, జరిమానాలో పోగొట్టలేదు. యునిసెఫ్ తోడ్పాటుతో ఏర్పడిన సామాజిక సమీకరణ వ్యవస్థలో వేల మంది స్థానిక కార్యకర్తలు, ఎక్కువగా ఆ వీధుల ఆడవాళ్లే, ఇంటింటికీ తిరిగారు. ఏ ఇంట్లో ఎందుకు వద్దంటున్నారో పుస్తకంలో రాసుకున్నారు. ఇమాములు మస్జిద్ మైకుల్లో ప్రకటనలు చేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్దర్ద్ వంటి సంస్థలు ముందుకొచ్చాయి. బడిపిల్లలు ‘బులావా టోలీ’లుగా ఏర్పడి చిన్నపిల్లలను బూత్‌లకు పిలుచుకొచ్చారు. ఉపాధ్యాయురాలిగా ఈ చివరి మాట నాకు మరింత నచ్చుతుంది. పదేళ్ల పిల్లవాడు పిలిస్తే కాదనే తల్లి అరుదు.

2009లో విధానంలో కూడా ఒక మార్పు వచ్చింది. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పోలియో వదలని 107 బ్లాకులను గుర్తించి, అక్కడ చుక్కలతో పాటు పారిశుద్ధ్యం, విరేచనాల నివారణ, తల్లిపాలు, మిగతా టీకాల మీద కూడా దృష్టి పెట్టారు. జనం అడిగింది మొదటినుంచీ అదే కదా! 2010లో మెరుగైన టీకా కూడా తోడైంది. 2009లో 741 ఉన్న కేసులు 2010లో 42కు దిగాయి. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ప్రాంతమంతా పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. టీకా ప్రయోగశాలలో తయారైంది. అది పిల్లవాడి నోట్లో పడడానికి దారి తీసింది మాత్రం గల్లీ మనుషులు.

ఊరి ఆడబిడ్డే మొదటి వైద్యురాలు: గడ్చిరోలి పాఠం

తెలంగాణకు సరిహద్దునే, గోదావరి, ప్రాణహితలకు ఆవల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ 1986 నుంచి డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ‘సెర్చ్’ అనే సంస్థను నడుపుతున్నారు. పుట్టిన 28 రోజుల్లోపే బిడ్డలు చనిపోతుంటే, ఆసుపత్రి దూరం, దారి లేదు, డబ్బు లేదు. బిడ్డను ఆసుపత్రికి తేలేకపోతే సంరక్షణనే ఇంటికి తీసుకుపోదామని వాళ్లు ఆలోచించారు.

39 గ్రామాల్లో ఊరికొక మహిళకు శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూకం వేయడం, వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఊపిరి లెక్కపెట్టడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే యాంటీబయాటిక్ ఇవ్వడం వాళ్లకు నేర్పారు. 1993-95 కాలంలో వెయ్యి జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు 1997-98 నాటికి 25.5కు తగ్గాయి. పోల్చి చూడడానికి ఎంచుకున్న గ్రామాలతో చూస్తే తగ్గుదల 62 శాతం. 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

కథ అక్కడితో ఆగి ఉంటే 39 ఊళ్లకే మేలు జరిగేది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతటికీ విధానంగా తీసుకుంది. ఇవాళ మన వీధిలో ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలన్న నియమం వెనుక ఉన్నది ఆ అనుభవమే. ఒక స్వచ్ఛంద సంస్థ చిన్నచోట చేసి, లెక్కలతో నిరూపించి, ప్రభుత్వం చేతిలో పెట్టింది. దాతలు గుర్తుంచుకోవలసిన దారి ఇది.

కందిపప్పు కూడా మందే: క్షయ పాఠం

ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అయినా తిండి చాలని శరీరం క్షయను ఎదుర్కోలేదు. ఒకరికి సోకిన ఇంట్లో మిగతావాళ్లకు సోకే అవకాశమూ ఎక్కువే. అయితే ఆ ఇంటివాళ్లందరికీ మంచి తిండి పెడితే జబ్బు పాకడం తగ్గుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం 2019 నుంచి 2022 వరకు ఝార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ దంపతులు ఇందులో ముఖ్యులు. 2,800 మంది రోగులకు ఆరు నెలలపాటు నెలకు 10 కిలోల ఆహార సామగ్రి ఇచ్చారు. ఆ రోగుల ఇళ్లలో ఉండే 10,345 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ మాత్రలు అందించారు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకం క్షయ 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణ ముప్పు దాదాపు 60 శాతం తక్కువగా కనిపించింది.

ఈ లెక్కను మన భాషలోకి మార్చుకుందాం. రోగి కాకుండా నలుగురున్న ఇంటికి నెలకు 20 కిలోల బియ్యం, 6 కిలోల పప్పు అవుతుంది. రేషన్ కార్డు ఉంటే బియ్యం కొంతవరకు అందుతుంది. ముందుగా కొరతపడేది పప్పు. రంజాన్‌లో మనం ఇచ్చే కిట్లలో ఉండేవి కూడా ఈ సరుకులే. తేడా అల్లా, అవి ఒక నెలకు చాలతాయి. క్షయ ఇంటికి కావలసింది ఆరు నెలలు.

ఇక్కడ కూడా విధానం సిద్ధంగానే ఉంది. క్షయ రోగికి పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తున్న నిక్షయ్ పోషణ్ యోజన సాయం 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలైంది. 2022 సెప్టెంబర్‌లో మొదలైన ‘నిక్షయ్ మిత్ర’ పథకంలో వ్యక్తులు, సంస్థలు పేరు నమోదు చేసుకుని, రోగి అంగీకారంతో ఆహారం అందించవచ్చు. 2024లో రోగి కుటుంబ సభ్యులను కూడా ఇందులోకి తెచ్చారు. మనలాంటి సంస్థల కోసమే తెరిచిన తలుపు ఇది.

దాతలు, సంస్థలు చేయగలిగినవి

మూడు అనుభవాల్లోనూ మూడు విషయాలు ఉమ్మడిగా ఉన్నాయి. పని చేసింది ఆ ఊరి మనిషి. ప్రతి ఇంటి లెక్కా రాసిపెట్టారు. చివరికి ప్రభుత్వ విధానంతో ముడిపెట్టారు. వీటిని దృష్టిలో ఉంచుకుని, ఒకే ఒక బస్తీతో మొదలుపెట్టగలిగిన పనులు కొన్ని చెబుతాను.

1. ముందు లెక్క తీయాలి. రెండు వందల ఇళ్లున్న ఒక బస్తీని ఎంచుకుని, మన సంస్థ స్కాలర్‌షిప్ తీసుకుంటున్న డిగ్రీ విద్యార్థులతో సర్వే చేయించవచ్చు. గర్భిణులు ఎందరు, టీకాలు పూర్తికాని పిల్లలు ఎందరు, 30 దాటినవాళ్లలో బీపీ, షుగర్ ఎన్నడూ చూపించుకోనివాళ్లు ఎందరు, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ అర్హత ఎవరికి ఉన్నాయి అన్నవి చాలు. ఆడవాళ్ల ప్రశ్నలు అమ్మాయిలే అడగాలి.

2. ఆ బస్తీలోనే ఉండే ఒక మహిళకు శిక్షణ, గౌరవవేతనం ఇవ్వాలి. ఆమె ఆశా కార్యకర్తకు పోటీ కాకూడదు. పట్టణాల్లో ఒక ఆశా వెయ్యి నుంచి రెండున్నర వేల మందిని చూసుకోవాలి. ఆమెకు అందని ఇళ్లను చూపించడం, మాత్రలు మానేసినవాళ్లతో మాట్లాడడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం మన మనిషి పని.

3. ఒక్కరోజు వైద్యశిబిరాన్ని నెలనెలా జరిగే పరీక్షగా మార్చాలి. శిబిరంలో బీపీ ఉందని చెప్పి పంపేస్తే ఆ మనిషికి కలిగిన మేలు తక్కువ. ప్రతి నెలా ఒకే చోట, ఒకే రిజిస్టరులో, అదే మనిషి బీపీ రాసుకుంటూ, మందుల కోసం దగ్గరలోని బస్తీ దవాఖానాకో పట్టణ ఆరోగ్య కేంద్రానికో పంపితే ఫలితం ఉంటుంది. రంజాన్‌కు నెలన్నర ముందే షుగర్ రోగులు డాక్టరును కలిసి, ఉపవాసం తమకు క్షేమమో కాదో, మందుల వేళలు ఎలా మార్చుకోవాలో తెలుసుకునేలా జుమా రోజు ప్రకటన చేయించవచ్చు.

4. స్త్రీల దగ్గరికి వేరే దారిలో వెళ్లాలి. మస్జిద్ ప్రకటన మగవాళ్లకు చేరినంతగా ఆడవాళ్లకు చేరదు. కుట్టు శిక్షణ కేంద్రం, మదర్సా తల్లుల సమావేశం, స్త్రీల ఇజ్తెమా, పొదుపు సంఘం వంటివి మనకు ఉన్న వేదికలు. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదన్న చిన్న మాట అక్కడ చెబితే, అది వందల రూపాయల టానిక్కు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

5. క్షయ ఇళ్లకు ఆరు నెలల పప్పు, నూనె, గుడ్లు ఇవ్వాలి. ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేయించడం కూడా ఇందులో భాగం. ఒక్క హెచ్చరిక. ఫొటోలు వద్దు, మైకులో పేరు వద్దు. పెళ్లి కావలసిన ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే ఆ ఇల్లు జబ్బును దాచుకుంటుంది, మందు మానేస్తుంది. గుప్తదానానికి మన సంప్రదాయంలో ఉన్న విలువ అందరికీ తెలిసిందే.

6. అడగవలసినవి అడగాలి. మురుగు కాల్వ, మంచినీటి పైపు, అంగన్‌వాడీ, మహిళా డాక్టరు, కూలీలకు వీలయ్యే సాయంత్రం ఓపీ వంటివి దాతల డబ్బుతో వచ్చేవి కావు, రాకూడదు కూడా. అవి పౌరుల హక్కు. సర్వే లెక్కలు చేతిలో పెట్టుకుని వార్డు ప్రతినిధిని, మున్సిపల్ అధికారులను, జిల్లా వైద్యాధికారిని కలిస్తే మాటకు బరువు ఉంటుంది. పట్టణ బస్తీల్లో 50 నుంచి 100 ఇళ్లకొక మహిళా ఆరోగ్య సమితి ఉండాలనీ, దానికి ఏటా 5,000 రూపాయలు ఇవ్వాలనీ జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌లోనే ఉంది. మన బస్తీలో అది ఉందా, ఉంటే కూర్చుంటోందా అని అడగడంతో మొదలుపెట్టవచ్చు.

నిధుల గురించి ఒక మాట. జకాత్ ఎవరికి చెందాలన్నదానికి స్పష్టమైన షరతులున్నాయి. పేద కుటుంబం చేతికి నేరుగా చేరే ఆహారం, మందులు ఒక రకం ఖర్చు. కార్యకర్త వేతనం, సర్వే, తూకం యంత్రం, బీపీ యంత్రం మరో రకం. ఏది జకాత్ ఖాతా నుంచి, ఏది సదఖా, సాధారణ విరాళాల నుంచి పెట్టాలో స్థానిక ఉలమాను అడిగి ముందే తేల్చుకుని, ఖాతాలు విడిగా రాసుకోవాలి. అప్పుడు దాతకూ సందేహం ఉండదు, నిర్వాహకులకూ చిక్కు ఉండదు.

ఆపరేషన్‌కు ఇచ్చిన డబ్బుకు ఫలితం వెంటనే కనిపిస్తుంది. మనిషి నడిచి ఇంటికి వస్తాడు, కృతజ్ఞత చెబుతాడు. రాకుండా ఆగిన జబ్బుకు ఎవరూ వచ్చి కృతజ్ఞత చెప్పరు. తనకు ఆ జబ్బు వచ్చి ఉండేదని ఆ మనిషికే తెలియదు. నివారణకు దాతలు దొరకడం కష్టమయ్యేది ఇందుకే. కాబట్టి కంటికి కనిపించని ఆ ఫలితాన్ని అంకెల్లో చూపించే బాధ్యత సంస్థది. ఎన్ని కిట్లు పంచాం, ఎన్ని శిబిరాలు పెట్టాం అన్నవి మన ఖర్చు లెక్కలు. ఎందరు గర్భిణులకు కాన్పునాటికి హిమోగ్లోబిన్ పెరిగింది, ఎందరు క్షయ రోగులు ఆరు నెలల మందు పూర్తిచేశారు, వాళ్ల బరువు ఎంత పెరిగింది, ఎందరి బీపీ అదుపులోకి వచ్చింది, ఎన్ని ఇళ్లకు కొత్తగా రేషన్ కార్డు అందింది అన్నవి ఫలితాలు.

వచ్చే ఏటి సంచికలో జమాఖర్చుల పట్టిక పక్కన ఒక బస్తీ పేరుతో ఈ రెండో పట్టిక కూడా ఉండాలని అడగండి. అడిగే హక్కు దాతలుగా మీకుంది. ఆ పట్టిక నింపాలంటే సంస్థ ఆ బస్తీలోకి నెలనెలా వెళ్లక తప్పదు.